సగంలో ఆగిన ఎంజీబీతో ఆబింగ్డన్ దాకా

ఇంజను బయట, తలుపులు బయట, బ్రేకు పైపులు ఊడదీసి ఉన్న కారును ట్రైలర్ మీదికి ఎక్కించాలంటే నలుగురు మనుషులు కావాలి. ఆ శనివారం పొద్దున కావెంట్రీలో ముగ్గురమే తేలాం. మా బావ, పక్క గ్యారేజీలో పాత మోటారు సైకిళ్లు బాగుచేసుకునే పెద్దాయన, నేను. నాలుగో మనిషి చెయ్యాల్సిన పని ట్రైలర్‌కి బిగించిన చేతి విన్చి చేసింది. బావ పిడి తిప్పుతుంటే ఇనుప తాడు బిగుసుకుంటూ వచ్చింది. పెద్దాయన తలుపు సందులోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ నిలబెట్టాడు. నేను వెనక చక్రం కింద చెక్కదిమ్మ జరుపుకుంటూ నడిచాను. పైకెక్కాక నాలుగు చక్రాలకూ పట్టీలు వేసి బిగించి, బావ ఒక్కో పట్టీనీ రెండోసారి లాగి చూశాడు.

అది 1966 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్. రెండు సీట్లు, వెనక్కి మడిచే టాపు, పొడుగాటి బానెట్, తీగల చక్రాలు. బావ కొన్న నాడు నడిచే స్థితిలో లేదు, ఇవాళా నడవదు. ఆ రెంటి మధ్యా అతని సాయంత్రాలు, సెలవులు చాలా పోయాయి. ఇప్పుడు ఉద్యోగం హైదరాబాదుకి మారింది. గ్యారేజీ ఖాళీ చెయ్యాలి. "ఓడలో వేసి తెచ్చుకోరాదురా" అని మా అత్తయ్య ఏలూరు నుంచి ఫోన్లో అడిగింది. తెచ్చుకున్నామే అనుకుందాం, కానీ తెచ్చాక దాని గతేమిటి? ఈ కారుకు కావలసిన రేకు ముక్క నుంచి రబ్బరు వాషరు దాకా ఇంగ్లండులో ఇప్పటికీ కేటలాగు చూసి తెప్పించుకోవచ్చు. దీనికి తుప్పు ఎక్కడ మొదలవుతుందో, ఏ బోల్టు తిరగనని మొండికేస్తుందో చెప్పగల మనుషులు ఇక్కడ ఊరికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. సగం పనిలో ఉన్న దాన్ని వీళ్లందరికీ దూరం చేస్తే ఇంకెప్పటికీ పూర్తికాదని బావ భయం. అందుకే అమ్మేశాడు. కొన్నావిడది ఆబింగ్డన్. ఈ కారును బిగించిన ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆ ఊళ్లోనే ఉండేది.

ఎంజీ అంటే మనవాళ్లకు హెక్టర్ గుర్తొస్తుంది. 2019 నుంచి మన రోడ్ల మీద తిరుగుతున్న ఆ బండి ముందు భాగాన కనిపించే అష్టభుజి బిళ్ల చాలా పాతది. ఆక్స్‌ఫర్డులో విలియం మారిస్ నడిపిన మారిస్ గ్యారేజెస్ అనే అమ్మకాల, మరమ్మతుల దుకాణానికి సెసిల్ కింబర్ మేనేజరు. మారిస్ కార్ల మీద తేలికైన ఒళ్లు కట్టించి, చురుగ్గా పరిగెత్తేలా చేసి అమ్మడం ఆయన మొదలుపెట్టాడు. ఆ దుకాణం పేరులోని రెండక్షరాలే కారు పేరయ్యాయి. ఇవాళ ఆ పేరు ఒక చైనా కంపెనీది. హెక్టర్ గుజరాత్‌లోని హలోల్‌లో తయారవుతుంది.

ట్రైలర్ లాగే బండికి ఇక్కడి మోటారు మార్గం మీద గంటకు 60 మైళ్లు మించకూడదు, మూడు వరసల దారిలో కుడి చివరి వరసలోకి పోకూడదు. కాబట్టి ఎడమ వరసలో, లారీల మధ్య, నెమ్మదిగా సాగాం. వార్విక్ దాటి ఎం40 ఎక్కాక రెండు పక్కలా పొలాలు, కంచెలుగా పెంచిన పొదలు, దూరంగా గొర్రెలు. దాటిపోయే కార్లలో ఒకటీ అరా వేగం తగ్గించి మా వెనక చూసేవి. ఒకాయన అద్దం దించి బొటనవేలు పైకెత్తాడు. రంగు సగం గీకేసి, తలుపుల్లేకుండా, ఎడమ తలుపు సందులో అడ్డంగా ఇనుప బద్ద వెల్డు చేసి ఉన్న ఆ ఒంటిని చూసి ఒక అపరిచితుడు సంతోషించడం నాకు చాలా నచ్చింది.

ఆ బద్ద సంగతి చెప్పాలి. అది అర్థమైతే ఈ కారు కథ అర్థమైనట్టే. ఎంజీబీకి ముందు వచ్చిన ఎంజీఏకి కింద వేరే ఛాసిస్ ఉండేది. 1962లో వచ్చిన ఎంజీబీకి అది తీసేసి, రేకుల ఒంటినే బరువు మోసేలా కట్టారు. తలుపుల కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే రేకు దూలాన్ని సిల్ అంటారు. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, రెంటి మధ్య నిలువుగా మరో రేకు. పైకప్పు లేని కారు కనక భారమంతా ఈ రెండు దూలాల మీద పడుతుంది. ముందు చక్రం విసిరే బురద రెక్క లోపల మూలన పేరుకుని, తడి ఆరక, సిల్ చివరను పట్టుకుంటుంది. శీతాకాలంలో రోడ్డు గడ్డకట్టకుండా ఇక్కడ ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన ఆ బురద రేకును లోపలి నుంచి తింటుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. తయారైన అయిదు లక్షల పైచిలుకు ఎంజీబీల్లో ఎక్కువ భాగం అమెరికాకు పోయాయి. కాలిఫోర్నియా లాంటి పొడి చోట్ల తిరిగిన వాటిని తర్వాత కాలంలో ఇంగ్లండు వాళ్లే వెదికి వెనక్కి తెచ్చుకున్నారంటే, కారణం ఈ ఉప్పే.

తుప్పు పట్టిన సిల్ కోసి కొత్తది వెయ్యాలంటే ముందు కారును కింద నుంచి సమంగా ఆనించాలి, తలుపు సందులో బద్ద వెల్డు చెయ్యాలి, ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. లేకపోతే పట్టె తీసిన నవారు మంచంలా నడుం కుంగిపోతుంది. అది కంటికి కనపడదు. రంగులన్నీ వేసి, తలుపు బిగించి వెయ్యబోతే పడదు. అప్పటికి చేసిన పనంతా వృథా.

బావ కుడి పక్క పూర్తిచేశాడు. కుడి వైపు నేల రేకు కూడా కొత్తది వేశాడు. ఎడమ పక్క బద్ద కట్టి, కొయ్యకుండా ఆగాడు. ఉద్యోగం మారుతుందన్న కబురు ఆ వారంలోనే వచ్చింది. ఇంకో నెల టైముంది, కోసేసి ఉండొచ్చు. "కోసి అతికించకుండా వదిలితే కొనేవాళ్లకి నేనిచ్చేది కారు కాదు బావా, ప్రమాదం" అన్నాడు. పని ఆపక తప్పనప్పుడు ఏ దశలో ఆపితే వచ్చేవాళ్లు నిశ్చింతగా అందుకోగలరో, ఆ దశ చూసుకుని ఆపాడు. వెల్డింగ్ ఎంత బాగా చేశాడన్నది నేను చెప్పలేను కానీ, ఈ ఒక్క నిర్ణయం చాలు, అతను కారును ఎంత ప్రేమించాడో నాకు తెలియడానికి.

ఇలాంటి కార్ల ప్రకటనలు అతను చాలా చూపించాడు. అన్నింటిదీ ఒకటే ధోరణి. పని దాదాపు అయిపోయింది, భాగాలు ఉన్నాయనే నమ్మకం, కష్టమైనదంతా చేసేశాం, తేలికైనదే మిగిలింది. తేలికైనదే అయితే ఎందుకు మిగిలిందో ఎవరూ రాయరు. బావ తన ప్రకటనలో చెయ్యని పనులు ముందు రాశాడు. ఎడమ సిల్ పోయింది. ఎడమ వెనక రెక్కలో పాత యజమాని ఎవరో తుప్పు మీద బాగా మందంగా లప్పం పూశాడు, అయస్కాంతం అంటుకోదు. వైరింగ్ మొత్తం కొత్తది వెయ్యాలి. టాపు బట్ట పనికిరాదు. ముందు బంపరు సొట్ట. ఆ తర్వాతే చేసినవి. ఇంజను రీబోర్ చేసి, కొత్త పిస్టన్లు వేసి, క్రాంకుకు కొత్త బేరింగులు వేసి కట్టాడు. రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు విప్పి కడిగి బిగించాడు. గేర్ బాక్సు తెరిచి చూసి, బాగుందని మూసేశాడు.

ఫోన్లు వచ్చాయి. ఒకతనికి తీగల చక్రాలు, ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్ బాక్సు చాలు. ఇంకొకతనికి కాగితాలు, ఛాసిస్ నంబరు పలక మాత్రం కావాలి. ఆ నంబరు తీసుకెళ్లి ఇంకే ఒంటికి తగిలిస్తాడో ఊహించుకోవచ్చు. ముక్కలుగా అమ్మితే మొత్తం కారుకు వచ్చేదానికంటే ఎక్కువే వస్తుంది, ఆ లెక్క బావకు తెలుసు. పెట్టిన డబ్బు ఎలా అమ్మినా తిరిగిరాదని ఇంకా బాగా తెలుసు. మంచి స్థితిలో నడుస్తున్న ఎంజీబీ కొనుక్కోవడం కంటే, పాడైనదాన్ని మొదటి నుంచి నిలబెట్టడానికే ఖర్చెక్కువ. ఆ మాటకొస్తే కొత్త ఒళ్లే దొరుకుతుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ పాత ప్రెస్ అచ్చులు వెదికి పోగుచేసి, 1988 నుంచి ఎంజీబీ ఒళ్లు మళ్లీ తయారుచేస్తోంది. ఇప్పుడు ఆ పని ఆక్స్‌ఫర్డుకు పడమటనున్న విట్నీలో జరుగుతోంది. దాని ధర పది వేల పౌండ్లకు పైనే. పాత రేకులో బాగున్నంత మేరా ఉంచి, పోయినంత మేరే మార్చాలన్నది బావ పట్టు. అలాంటి పట్టున్న మనిషి దొరికేదాకా ఆగాడు. ఆబింగ్డన్ ఆవిడ చూడ్డానికి వచ్చినప్పుడు గుడ్డ చుట్టిన అయస్కాంతం, టార్చిలైటు తెచ్చుకుంది. ధర అడిగే ముందు, విప్పిన నట్లూ బోల్టులూ ఎక్కడ పెట్టారని అడిగిందట. ఆ ప్రశ్నతోనే బేరం కుదిరిపోయిందని బావ అంటాడు.

గేడన్ దగ్గర ఎం40 దిగాం. బ్రిటిష్ మోటార్ మ్యూజియం అక్కడే. పాత ఫ్యాక్టరీ చిట్టాలు వాళ్ల దగ్గర భద్రంగా ఉన్నాయి. ఛాసిస్ నంబరు పంపి రుసుము కడితే, ఆ కారు ఏ రోజు తయారైందో, ఏ రంగో, ఏ అదనపు సామగ్రితో ఎక్కడికి పంపారో చిట్టాలో చూసి సర్టిఫికెట్ ఇస్తారు. బావ ఎప్పుడో తెప్పించాడు. ఇప్పుడు ఒంటి మీద అక్కడక్కడా మిగిలిన ఎరుపు ఈ కారు రంగే కాదు. ఓల్డ్ ఇంగ్లిష్ వైట్ అనే వెన్నరంగులో ఫ్యాక్టరీ దాటింది. తీగల చక్రాలూ ఓవర్‌డ్రైవూ పుట్టుకతో వచ్చినవే.

మ్యూజియం లోపల 1925 నాటి 'ఓల్డ్ నంబర్ వన్' ముందు ఎక్కువసేపు నిలబడ్డాను. కింబర్ పోటీ కోసం కట్టించుకున్న సన్నని, బూడిదరంగు బండి. ఆ ఏడాది లాండ్స్ ఎండ్ పరుగులో పాల్గొన్నాక, ఆయన దాన్ని 300 పౌండ్లకు ఒక మిత్రుడికి అమ్మేశాడు. కొన్నేళ్లకు ఎవరి కంటో పడితే, కంపెనీయే 15 పౌండ్లిచ్చి వెనక్కి కొనుక్కుంది. ఇవాళ ఎంజీ చరిత్రకు తలమానికంగా చూపిస్తున్న బండి అది. చేతులు మారడం వల్ల అది చెడిపోలేదు. ఎవరి దగ్గర ఉందో తెలియడం, గుర్తుపట్టగలగడం వల్ల బతికింది. అక్కడ నిలబడే నాకొక సంగతి తట్టింది. బావ చేస్తున్న ఈ అమ్మకం కూడా కారుకు చేస్తున్న మరమ్మతులో భాగమే. సిల్ వెయ్యడం ఎంత పనో, తెలిసినదంతా దాచకుండా తర్వాతి మనిషికి అప్పజెప్పడం అంత పని. వదిలించుకున్నాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆక్స్‌ఫర్డు దగ్గర నేరుగా ఎ34 పట్టుకోకుండా బావ తూర్పు బైపాస్ మీదుగా తిప్పాడు, కౌలీ చూపించడానికి. 1913లో విలియం మారిస్ కార్ల తయారీ మొదలుపెట్టిన చోటు. ఇప్పుడక్కడ మినీ కార్లు తయారవుతాయి. రోడ్డు పక్కన పొడుగ్గా సాగిన ఫ్యాక్టరీ గోడలు చూస్తూ ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మా ఇద్దరి చిన్నతనమూ అక్కడ గీసిన కారు చుట్టూ తిరిగింది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ మన దేశం వచ్చి అంబాసిడర్ అయింది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది.

మావయ్యకు ఏలూరులో అంబాసిడర్ల షెడ్డు ఉండేది. పెళ్లిళ్ల సీజన్లో రాత్రిళ్లు కూడా బండ్లు బారులు తీరేవి. బావ మడ్‌గార్డు మీద కూర్చుని, వాల్వుల మూత తీసిన ఇంజనుకు ఫీలర్ గేజి పెట్టి టాపెట్లు సరిచెయ్యడం అక్కడే నేర్చాడు. అంబాసిడర్‌లో చాలాకాలం వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజనూ ఒక్క ఇంటివే. బీఎంసీ కంపెనీ బి-సిరీస్ అని పిలిచిన కుటుంబం. కార్బొరేటర్, సైలెన్సర్ మానిఫోల్డ్ రెండూ ఒకే పక్క, డిస్ట్రిబ్యూటర్ ఎదుటి పక్క. కావెంట్రీలో ఈ కారు బానెట్ మొదటిసారి ఎత్తినప్పుడు ఏ నట్టుకు ఏ స్పానర్ పడుతుందో చెయ్యికే తెలిసిపోయిందని బావ చెప్పాడు. అతను ఈ కారును కొనడానికి అసలు కారణం అదే. మావయ్య పోయాక షెడ్డు మూతపడింది. ఆ పని తన చేతుల్లోంచి పోకూడదనుకున్నాడు.

థేమ్స్ ఒడ్డున ఉన్న ఆబింగ్డన్ చిన్న ఊరు. మధ్యలో పదిహేడో శతాబ్దపు కౌంటీ హాలు. రాచకుటుంబంలో పెళ్లో పట్టాభిషేకమో జరిగితే దాని పైకప్పు మీద నుంచి కింద చేరిన జనంలోకి బన్నులు విసరడం ఈ ఊరి ఆచారం. ఇప్పుడది మ్యూజియం. ఆఖరి ఎంజీబీల్లో ఒకటి అందులోనే ఉంది.

1929లో మొదలైన ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో యాభై ఏళ్లలో 11 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. నన్ను ఆశ్చర్యపరిచింది ఆ సంఖ్య కాదు, చేసిన తీరు. అక్కడ కారు ఒంటిని తయారుచేసేవాళ్లు కాదు. రంగేసిన ఒళ్లు బయటి నుంచి లారీల మీద వచ్చేవి. ఇంజను, ఇరుసులు, సీట్లు ఇక్కడ బిగించేవాళ్లు. కదిలే బెల్టు లేదు. ఒక చోట పని కాగానే కారును మనుషులే చేత్తో తోసి తర్వాతి చోటికి చేర్చేవాళ్లు. 1979 సెప్టెంబరులో మూసేస్తున్నామని ప్రకటించారు, 1980 అక్టోబరులో ఆఖరి కారు బయటికొచ్చింది. ఆ స్థలంలో ఇప్పుడు ఆఫీసులు, షెడ్లు. పక్క వీధిలో ఎంజీ కార్ క్లబ్ కార్యాలయం ఉంది. ఆ భవనానికి కింబర్ పేరే పెట్టారు.

కొన్నావిడ కాలేజీలో లోహపు పని నేర్పుతుంది. యాభై దాటి ఉంటాయి. ఇంటి వెనక షెడ్డు శుభ్రంగా ఊడ్చి, కారు నిలిపే చోట సుద్దతో గీత గీసి ఉంచింది. దించడానికి ఆవిడ విద్యార్థులు ఇద్దరు వచ్చారు. కారు దిగాక అసలు పని మొదలైంది. బావ పెట్టెలు దించాడు. ఐస్‌క్రీం డబ్బాలు, బిస్కెట్ డబ్బాలు, అట్టపెట్టెలు. ప్రతిదాని మీదా నంబరు. ఆ నంబర్లకు సరిపోయే పొడుగు నోటుబుక్కు ఒకటి. ఏ రోజు ఏది విప్పాడో, ఏ బోల్టు ఎక్కడిదో, ఏది మార్చాలో, ఏది పాతదే వాడొచ్చో నీలి సిరాతో రాసి ఉంది. కొన్ని చోట్ల బొమ్మలు. తొందరలో రాసిన కొన్ని మాటలు తెలుగులోనే ఉండిపోయాయి. ముందురోజు రాత్రంతా కూర్చుని వాటి పక్కన ఇంగ్లిషులో రాశాడు. నన్నడిగితే ఆ ట్రైలర్ మీద వచ్చిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఆ పుస్తకం. ఇంజనును ఎవరైనా కట్టగలరు. మూడేళ్ల కిందట విప్పిన ఒక బ్రాకెట్ ఏ వైపుకు తిరిగి ఉండేదో విప్పినవాడే చెప్పాలి.

ఇద్దరూ పుస్తకం ముందు పెట్టుకుని డబ్బా డబ్బా తెరిచి చూశారు. ఆవిడ ప్రశ్నలు సూటిగా ఉన్నాయి. బ్యాటరీ ఏ వైపు ఎర్తు? 1967 దాకా ఎంజీబీలకు పాజిటివ్ ఎర్తు, సీట్ల వెనక ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు. ఇది కూడా అలాగే ఉంది, మార్చలేదు. మొదటి గేరుకు సింక్రో లేదు కదా? లేదు, బండి పూర్తిగా ఆగాకే మొదటి గేరు వెయ్యాలి. కుడి సిల్ లోపల మైనం పూశారా? పూశాను, రంగయ్యాక ఇంకోసారి పుయ్యాలి. ఎడమ రెక్క లప్పం దగ్గరికొచ్చేసరికి బావ తనంతట తానే ఆగాడు. చూస్తున్నకొద్దీ అది తాను రాసినదానికంటే కిందికి పోయినట్టుంది, కొంత డబ్బు తగ్గించుకోండి అన్నాడు. ఆవిడ వేళ్లతో తడిమి చూసి, బేరం బేరమే, నేనూ చూసే కొన్నాను అంది. చివరికి చెరి సగం మాటకొచ్చారు. రిజిస్ట్రేషన్ కాగితంలో పచ్చ చీటీ చింపి ఆవిడకిచ్చి, మిగతా వివరాలు బావ ఫోన్లోనే స్వాన్సీలోని లైసెన్సు ఆఫీసుకు పంపించాడు.

టీ తాగుతూ ఆవిడ రంగు సంగతి ఎత్తింది. సర్టిఫికెట్‌లో ఉన్న తెలుపే వేస్తానంది. బావ ముఖం వెలిగింది, అతనూ అదే అనుకున్నాడు. ఎడమ సిల్ వచ్చే వసంతానికి అవుతుందని, ఇంజను ఎక్కించేది ఆ తర్వాతేనని, మొదటిసారి స్టార్ట్ చేసే రోజు వీడియో కాల్ చేస్తానని చెప్పి, హైదరాబాదులో ఎన్ని గంటలకు లేస్తారని అడిగింది.

"మీరు ఏ టైముకు చేసినా లేస్తాను. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఇంజను చాలాకాలంగా ఊరకే ఉంది. ముందు ప్లగ్గులు నాలుగూ తీసేసి ఉత్తి సెల్ఫ్ కొట్టండి. మీటర్లో ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచాకే ప్లగ్గులు పెట్టండి. పుస్తకంలో నలభై రెండో పేజీలో ఉంది."

ఆవిడ అప్పటికే ఆ పేజీ తీసింది.